తొంభై అయిదు అడిగే బండి

నాజిల్ చివర వేలాడుతున్న ఆఖరి చుక్క కూడా ట్యాంకులోనే పడేదాకా ఆగి, మూత బిగించి, అరచేత్తో ట్యాంకు మీద ఒక్కసారి తట్టాడతను. ఇక వెళ్ళవచ్చునని దానర్థం. ఆ బండి కదిలింది, వెనక బండి ముందుకొచ్చింది. రెండు పక్కలా కూరగాయల బుట్టలు కట్టిన చిన్న బండి.

"మంచిది పొయ్యి. తొంభై అయిదు నంబరు పెట్రోలు," అన్నాడు బండిమీది మనిషి.

"దీనికి తొంభై ఒకటి చాలు బాబూ. ఎక్కువ నంబరు పోస్తే ఎక్కువ బలం రాదు. జ్వరం లేనివాడికి మందు తాగించినట్టు ఉంటుంది."

ఈ మాట ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాడు. అందుకే బంకులో అందరూ అతన్ని 'తొంభై ఒకటి' అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది, అంతే. మొదట్లో అతని భార్యకు ఆ పిలుపు నచ్చేది కాదు. తర్వాత్తర్వాత కోపం వచ్చినప్పుడు తనూ అలాగే పిలిచేది.

అద్దాల గదిలోంచి మేనేజరు బయటికి వచ్చాడు. అతని కంటే పాతికేళ్ళు చిన్నవాడు, చెడ్డవాడేం కాదు.

"పెద్దాయనా, మీరు డాక్టరా? వాళ్ళంతట వాళ్ళు ఖరీదైనది అడుగుతున్నా వద్దంటారేంటి? పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు. ఈ వారం కూడా ఇదే వరసైతే మిమ్మల్ని గాలి కొట్టే దగ్గరికి మార్చాల్సి వస్తుంది. తర్వాత నన్ను అనొద్దు."

అతను తల ఊపాడు. గాలి కొట్టే దగ్గరంటే రోజంతా వంగుతూ లేస్తూ ఉండాలి. అతని మోకాళ్ళు ఒకసారి వంగితే మళ్ళీ నిలబడడానికి బతిమాలించుకుంటాయి. అయినా తర్వాత వచ్చిన బండికీ నోరు ఊరుకోలేదు. "తొంభై ఒకటి చాలమ్మా" అనే అన్నాడు.

పదకొండింటికి చేతులు మూడుసార్లు కడుక్కుని డబ్బా విప్పాడు. ఎన్నిసార్లు కడిగినా ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి పెట్రోలు వాసన ముందుగా వచ్చి కూర్చుంటుంది. ఆ చొక్కా ఇంట్లోకి తేవద్దని పెళ్ళయిన కొత్తలో భార్య తలుపు బయట మేకు కొట్టింది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో వద్దనేవాళ్ళెవరూ లేకపోయినా చొక్కాను ఆ మేకుకే తగిలించి లోపలికి వెళతాడు.

తింటున్నంతసేపూ చూపు రోడ్డు మీదే ఉంది. ఆరోజు సోమవారం. సోమవారమంటే లేతాయన వచ్చే రోజు. వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసే మనిషి. పదిహేడేళ్ళ కింద మొదటిసారి వచ్చినప్పుడు, అడక్కుండానే అతను తొంభై ఒకటి పోశాడు. వారం తిరిగేసరికి లేతాయన మళ్ళీ వచ్చి, "ఒక్కసారి విను" అని బండిని రోడ్డు మీదికెక్కే వాలులో గట్టిగా లాగించాడు. ఇంజను లోపల డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు టకటక కొట్టుకుంది. ఇంజను పైభాగం, ఆ హెడ్డును తనే మిషను మీద పెట్టి చెక్కాడట, కంప్రెషను పెంచుకున్నాడట. తక్కువ నంబరు పెట్రోలు లోపలి ఆ నొక్కుడుకి ఓర్చుకోలేక ముందే అంటుకుంటోంది.

అప్పటినుంచి ఆ ఒక్క బండికే అతను తనంతట తాను తొంభై అయిదు నాజిల్ అందుకునేవాడు.

"నీ చేత తొంభై అయిదు పోయించుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే!" అని నవ్వేవాడు లేతాయన. వెళ్ళేముందు, "ఎక్కవయ్యా, ఒక చుట్టు తిప్పుకొస్తా," అనేవాడు. అతను ఇన్నేళ్ళూ ఇన్ని బళ్ళకు పోశాడుగానీ ఒక్కదాని మీదా ఎక్కి ఎరగడు. సైకిలు మీద వస్తాడు, సైకిలు మీద పోతాడు. "డ్యూటీలో ఉన్నా. వచ్చేవారం చూద్దాం," అనేవాడు. అలా ఎన్ని వారాలో.

గడిచిన రెండు సోమవారాలూ లేతాయన రాలేదు. ఊరెళ్ళాడేమో అనుకున్నాడు.

ఒంటిగంట దాటాక, పెట్రోలు మిషను తుడుస్తుంటే వెనక ఆ చప్పుడు వినబడింది. వెయ్యి బళ్ళలో ఉన్నా పోల్చుకోగలడు. కానీ లోపల ఆ గులకరాళ్ళు! తన బిడ్డకి ఎవరో పడనిది తినిపించినట్టు ఒళ్ళు మండింది. తిరగకుండానే అరిచాడు.

"ఎక్కడ పోయించుకొచ్చావయ్యా ఆ నీళ్ళు?"

తిరిగి చూశాడు. బండి మీద పాతికేళ్ళ అమ్మాయి. తలకి వదులుగా ఉన్న హెల్మెట్.

"తొంభై ఒకటి అంటే మీరేనా అంకుల్?"

అతను తల ఊపాడు.

"నాన్న లేరు అంకుల్. పద్దెనిమిది రోజులైంది. వర్క్‌షాపులో మిషను పక్కన కాసేపు కూర్చుంటానన్నారట. మళ్ళీ లేవలేదు."

అతని చేతిలో తడి గుడ్డ అలాగే ఉండిపోయింది. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"మా ఇంటి దగ్గర బంకులో పోయించా," అందా అమ్మాయి. చేతి తొడుగులు తీసి పెట్రోలు మిషను మీద పెట్టి, తాళంతో ట్యాంకు మూత తీసింది. "ఎత్తు ఎక్కుతుంటే లోపల కొట్టుకుంటోంది. మెకానిక్ ఇంజను పోయిందన్నాడు. అమ్మేమో తుక్కుకి ఇచ్చెయ్యమంటోంది. ఈ బండి సంగతి తన తర్వాత మీకే తెలుసని నాన్న ఎప్పుడూ అనేవారు. అందుకే ఇటొచ్చా."

అతను బండిని పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ట్యాంకు అడుగున పెట్రోలు కొంచెమే ఉంది.

"ఇంజనుకేం కాలేదమ్మా. దీని తిండి వేరు. నిండా తొంభై అయిదు పోస్తా, ఉన్నదాంట్లో కలిసి సర్దుకుంటుంది. ఇకనుంచి ఎవరేం చెప్పినా ఇదే పోయించు. తుక్కుకి మాత్రం ఇవ్వకు."

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ట్యాంకు అంచు దాటి పెట్రోలు పొంగింది. గబగబా తుడిచాడు. అద్దాల గదిలోంచి మేనేజరు తొంభై అయిదు నాజిల్‌ను చూసి, సంతోషంగా బొటనవేలు ఎత్తి చూపించాడు.

మీ నాన్నగారి పేరేంటమ్మా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. పదిహేడేళ్ళ తర్వాత అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాడు. మూత బిగించి ట్యాంకు మీద తట్టాడు.

బండి వాలు ఎక్కింది. మొదట రెండుసార్లు టకటకమంది. రోడ్డు మీదికి వెళ్ళి వేగం అందుకున్నాక ఆ చప్పుడు పలచబడి, ఆగిపోయింది. నిండైన, నునుపైన మోత ఒక్కటే మిగిలింది. వెనక వరసలో వాళ్ళు కేకలేస్తున్నా అది ట్రాఫిక్‌లో కలిసిపోయేదాకా అతను కదల్లేదు.

రెండింటికి డ్యూటీ దిగుతూ మిషను మీద చూశాడు. ఆ అమ్మాయి తొడుగులు మరిచిపోయింది. అంత పెద్దవి ఆమెవి కావు, తండ్రివి. నల్లటి తోలు, అరచేతుల దగ్గర బూడిదరంగుకి తిరిగింది. కుడి తొడుగుకి చూపుడువేలు సగానికి మడిచి, దారంతో కుట్టేసి ఉంది. పాత కుట్టు, నూనె పట్టి గట్టిపడింది. ఆ సగం వేలిని ఏ మిషను తీసుకుందో, ఎప్పుడు తీసుకుందో. ఇంజను లోపల గులకరాయి కదిలితే వినగలిగిన తను, ఇన్ని సోమవారాలూ ఆ చెయ్యి ఎదురుగా ఉన్నా చూడలేదు.

అమ్మాయి తిరిగి వస్తుందేమోనని సైకిలు స్టాండు తియ్యకుండా నిలబడ్డాడు. మిషను మీద తొడుగులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఇంకా హ్యాండిల్ పట్టుకున్నట్టే వేళ్ళు వంచుకుని, తొమ్మిది నిండుగా, ఒకటి సగంగా.