ఉప్పు ఎవరి వంతు

మంగళవారం మధ్యాహ్నం మార్నీ ఒక అట్టపెట్టె మోసుకొచ్చి వెల్డా వంటింటి బల్ల మీద పెట్టింది. పెట్టెలో ఉన్నవన్నీ వెల్డా గిన్నెలే. అంచు బీటవారిన పసుపు గిన్నె, ఆపిల్ పై కాల్చే రెండు పళ్ళాలు, మూత పోయిన గాజు పాత్ర, సూప్ పోసి పంపిన సీసాలు. పదిహేనేళ్ళలో ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఒక్కొక్కటిగా వెళ్ళినవి, కడిగి, పాత పేపర్లలో చుట్టి, అన్నీ ఒక్కసారే తిరిగొచ్చాయి.

"అల్మారాలు ఖాళీ చేస్తున్నానమ్మా. చూస్తే సగం నీవే," అంది మార్నీ.

మార్నీ ఆమె కోడలు. కొడుకు రాయిస్ పోయి నాలుగేళ్ళు కావస్తున్నా, రాయిస్ పిలిచినట్టే ఇప్పటికీ అమ్మా అనే పిలుస్తుంది. కొత్త సంవత్సరం రాగానే మార్నీ క్లెమెంట్ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుని, మనవరాలు బ్రిటాను తీసుకుని డలూత్ వెళ్ళిపోతుంది. కారులో మూడు గంటల దారి. చలికాలంలో ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేరు. క్లెమెంట్ మంచివాడు. అదే వెల్డాకి వచ్చిన చిక్కు. తప్పు పట్టడానికి ఏమీ దొరకడం లేదు.

వెళ్ళేవాళ్ళని వెళ్ళొద్దనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. వెల్డా చేసేదల్లా, కారు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా గుమ్మంలో నిలబడడం. రాయిస్ చివరిసారి ఈ ఇంటి నుంచి వెళ్ళినప్పుడు ఆమె చేతులు పిండిలో ఉన్నాయి. "జాగ్రత్తరా" అని వంటింట్లోంచే కేక వేసింది. ఆ తర్వాత ఇక గుమ్మం దాకా వెళ్ళకుండా ఎవర్నీ పంపలేదు.

గురువారం థాంక్స్‌గివింగ్ పండగకి కాల్చే టర్కీ కోడి మంచు వదిలిందో లేదో చూసొస్తానని మార్నీ గరాజ్‌లోకి వెళ్ళింది. అక్కడ పాత ఫ్రిజ్‌లో పద్నాలుగు పౌండ్ల కోడి ఆదివారం నుంచి మెల్లగా కరుగుతోంది. చూసి రావడానికి ఒక్క నిమిషం చాలు, మార్నీకి పావుగంట పట్టింది. క్లెమెంట్‌తో ఫోన్‌లో మాట్లాడుతోంది కాబోలు అనుకుంది వెల్డా. మార్నీ లోపలికొచ్చి, సింకు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుని, అప్పుడు చెప్పింది: ఈసారి కోడిని క్లెమ్ తన పద్ధతిలో చేస్తానంటున్నాడని, అమ్మకి శ్రమ తగ్గుతుందని. దానికేం, చెయ్యమను, అంది వెల్డా. ఆ మాట అని, పెట్టెలోంచి గిన్నెలు తీసి అల్మారాలో సర్దసాగింది.

అల్మారా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. రాయిస్ చేతిరాత. ఏటా ఎవరు ఏం చెయ్యాలో ఒకసారి రాసి పెడితే పోట్లాట ఉండదని రాశాడు. కోడి: అమ్మ. ఉప్పు: రాయిస్. గ్రేవీ: మార్నీ. బంగాళాదుంపలు: బ్రిటా. ఉప్పుకి విడిగా ఒక వరుస ఎందుకురా అని అందరూ నవ్వేవాళ్ళు. ఉప్పే అసలు వంట, మిగతాదంతా పొయ్యి చేసే పని, అనేవాడు వాడు. కోడిని కాల్చే ముందురోజో, ఇంకా ముందురోజో వచ్చి, రెండు వేళ్ళు చర్మం కిందికి పోనిచ్చి, చర్మం చిరక్కుండా వదులు చేసి, గుప్పెడు ఉప్పు లోపలే పట్టించి వెళ్ళేవాడు. రాత్రి గడిచేసరికి ఉప్పు ఆనవాలు లేకుండా మాంసంలోకి ఇంకిపోయేది.

వాడు పోయిన మొదటి ఏడు చర్చి హాల్లో తిన్నారు. రెండో ఏడు వెల్డా తుంటి ఎముకకి ఆపరేషన్. పోయినేడు మార్నీ బ్రిటాను తీసుకుని తన చెల్లెలి ఇంటికి వెళ్ళింది. థాంక్స్‌గివింగ్‌కి ఈ ఇంట్లో ఓవెన్ వెలగడం మళ్ళీ ఇప్పుడే.

బుధవారం పొద్దున వెల్డా ఉప్పు డబ్బా తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే రాయిస్ పేరు ఎత్తాలి. కొత్త కాపురానికి సర్దుకుంటున్న పిల్ల దగ్గర ఆ పేరెత్తి కళ్ళనీళ్ళు పెట్టించడం ఆమెకి ఇష్టం లేదు. చర్మం కొంచెం ఎండినట్టుంది. పాత ఫ్రిజ్ కదా, చలి ఎక్కువైందనుకుంది. చర్మం కూడా తేలిగ్గానే వదిలింది. కొడుకు చేసినట్టే రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి గుప్పెడు ఉప్పు పట్టించింది. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. నీ పని నేను చేస్తున్నానురా అనుకుంది మనసులో.

గురువారం తొమ్మిదింటికి వచ్చారు ముగ్గురూ. క్లెమెంట్ స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్. తువ్వాలులో పెద్ద కత్తెర చుట్టుకుని తెచ్చాడు. వెన్నెముక తీసేసి కోడిని పుస్తకంలా తెరిచి చదునుగా పరిస్తే గంటన్నరలో అయిపోతుందని, మీకు అభ్యంతరమైతే మీ పద్ధతిలోనే చేద్దామని అడిగాడు. వెల్డా పద్ధతిలో అయితే ఆ పాటికి కోడి ఓవెన్‌లో మూడు గంటలు కాలి ఉండాలి. పొట్టలో దట్టించిన అడవి బియ్యపు కూరు, రొమ్ము మీద వెన్నలో ముంచిన పల్చటి గుడ్డ, అరగంటకోసారి ఓవెన్ తలుపు తీసి కారిన రసం గరిటెతో పైన పొయ్యడం. నలభై ఏళ్ళుగా అంతే. వెన్నెముక లేని కోడికి కూరు ఎక్కడ పెడతారో ఆమెకి తెలియలేదు.

"కూరుని పళ్ళెంలో పరిచి, దాని మీద ఇనుప జాలీ పెట్టి కోడిని పడుకోబెడదామండీ. కారేదంతా కూరులోకే పోతుంది," అన్నాడు క్లెమెంట్.

కత్తెర పడ్డ ప్రతిచోటా ఎముక పటుక్కుమంది. వెల్డా కిటికీ వైపు తిరిగి నిలబడింది. కాళ్ళు చాపుకుని వెల్లకిలా పడున్న కోడిని చూసి బ్రిటా, "క్లెమ్, బస్సు కింద దూరినప్పుడు నువ్వు అచ్చం ఇలాగే ఉంటావు," అంది. క్లెమెంట్ నవ్వి, వెన్నెముక, మెడ ఒక పళ్ళెంలో పెట్టి తెచ్చి రెండు చేతులతో వెల్డాకి ఇచ్చాడు. "ఇవి మీకండీ. గ్రేవీకి."

కాబట్టి కోడి ఆయనది, కూరు మార్నీది, దుంపలు బ్రిటావి, గ్రేవీ వెల్డాది. కాగితం మీదున్నది ఒక్క పూటలో తారుమారైపోయింది. నా వరుస ఇంకొకరికి పోయాక, వచ్చే ఏడు వీళ్ళకి ఈ ఇంటితో పనేముంటుంది, అనుకుంటూ ఎముకలు వేయించింది, ఉల్లిపాయ వేసింది, బిర్యానీ ఆకు వేసింది, నీళ్ళు పోసి చిన్న మంట మీద వదిలింది. గ్రేవీకి ఉప్పు ఎప్పుడూ చివర్లోనే, పళ్ళెంలో కారిన రసం కలిపాక. ఈసారి కలపడానికి రసం లేదు, అదంతా కూరులోకి పోతోంది. సరే, చివర్లో చిటికెడు వేద్దామని డబ్బా అందుకునేలోపే మార్నీ అందర్నీ బల్ల దగ్గరికి పిలిచింది.

కోడి అందంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. చర్మం అంతటా ఒకే రంగులో, గాజులా పెళుసుగా ఉంది. ఆనవాయితీ ప్రకారం తలా ఒక మాట చెప్పారు, ఈ ఏడు దేనికి కృతజ్ఞులో. వెల్డా, అందరూ వచ్చినందుకు అంది.

క్లెమెంట్ ఒక ముక్క తిని గ్లాసుడు నీళ్ళు తాగాడు. ఇంకో ముక్క తిని ఇంకో గ్లాసు తాగాడు. బావుందా అని మార్నీ అడిగితే తలూపాడు. మార్నీ కూరు నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది. వెల్డా కూడా తిన్నది. నాలిక ముడుచుకుపోయింది. ఆయన పద్ధతి చెడిందన్నమాట అని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సంతోషించింది కూడా.

"నానమ్మా, ఇది సముద్రం," అంది బ్రిటా.

క్లెమెంట్ వెంటనే తప్పు తన మీద వేసుకోబోయాడు. తను మిరియాలు తప్ప ఏమీ వెయ్యలేదని, ఉప్పు పట్టించి ఉందని మార్నీ చెప్పిందని, బహుశా కాల్చడంలోనే ఏదో తేడా చేశానేమోనని అన్నాడు. మార్నీ ముఖం ఎర్రబడింది. మంగళవారం ఉప్పు పట్టించింది తనేనని, చెయ్యి జారి ఎక్కువ పడిందేమోనని తలొంచుకుని చెప్పింది.

వెల్డా ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. గరాజ్‌లో పట్టిన పావుగంట, చర్మం తేలిగ్గా వదలడం, అన్నీ ఇప్పుడు అర్థమయ్యాయి ఆమెకి. కోడలు తలొంచుకుని కూర్చుంది. ఈ తప్పు మోసుకుంటూనే పిల్ల డలూత్ వెళ్తుంది.

"నేనూ వేశాను," అంది వెల్డా. "నిన్న పొద్దున."

"నువ్వెందుకు వేశావమ్మా?"

"అది వాడి పని కదా. చేసేవాళ్ళు లేరని."

మార్నీ ఫోర్కు కింద పెట్టింది. "నేనూ అందుకే," అంది. "నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు."

బ్రిటా ఒకసారి తల్లిని, ఒకసారి నానమ్మని చూసి, "అంటే ఇద్దరూ నాన్న వంతు చేసేశారన్నమాట. నాన్నతో కలిపి ముగ్గురి ఉప్పు తింటున్నాం," అంది. మొదట మార్నీకి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. వెల్డాకి ఆ రెండూ ఒకేసారి వచ్చాయి. క్లెమెంట్ కుర్చీలోంచి లేవబోయి, తను లేవాల్సిన చోటు ఇది కాదనిపించినట్టు మళ్ళీ కూర్చుని, ఆడవాళ్ళిద్దరి గ్లాసుల్లో నీళ్ళు నింపాడు. అది చూసింది వెల్డా.

తర్వాత ఆమే లేచింది. పొయ్యి మీది గ్రేవీలో ఒక్క రవ్వ ఉప్పు లేదు. మాంసాన్ని కాగితమంత పల్చగా కొయ్యమని క్లెమెంట్‌కి చెప్పి, ముక్కలన్నీ అందులో వేసి మరిగించింది. దుంపల్లో ఉప్పు వేశావా అని బ్రిటాని అడిగితే, ఉప్పు నా వరుసలో లేదుగా అంది పిల్ల. ఆ చప్పిడి దుంపల ముద్ద మీద ఆ గ్రేవీ, ఆ ముక్కలు వేసి తింటే సరిగ్గా సరిపోయింది. కూరు మాత్రం బాగుపడలేదు. పక్షులకి కూడా పెట్టకూడదని పారేశారు.

"వెన్నెముక తీసి గ్రేవీకి ఇవ్వకపోయుంటే ఈపూట అందరం రొట్టె తినేవాళ్ళం, క్లెమ్," అంది వెల్డా. ఆయన్ని ఆ పొట్టి పేరుతో పిలవడం అదే మొదలు. ఆయన గమనించాడో లేదో, రెండోసారి వడ్డించుకున్నాడు.

నాలుగింటికే వెలుగు తగ్గింది. ఒకటీ అరా మంచు తునకలు రాలుతున్నాయి. దారి గడ్డకట్టకముందే బయల్దేరాలని మార్నీ కోటు వేసుకుంది. మిగిలిన గ్రేవీని అంచు బీటవారిన పసుపు గిన్నెలో పోసి మూత కట్టి ఇచ్చింది వెల్డా.

"మొన్ననే కదమ్మా తిరిగి ఇచ్చాను దీన్ని."

"మళ్ళీ ఇద్దువులే."

మార్నీ గిన్నెని బ్రిటా చేతిలో పెట్టింది. వెల్డా మూడు రోజులుగా అడగలేని మాట అప్పుడు అడిగింది, అది కూడా అల్మారా తలుపు వైపు చూస్తూ. "వచ్చే ఏడు ఉప్పు ఎవరి వంతు?"

మార్నీ అల్మారా తలుపు తీసి, ఫోన్ పక్కనున్న పెన్సిలు అందుకుని, రాయిస్ పేరు కొట్టెయ్యకుండా దాని కింద చిన్న అక్షరాలతో రాసింది. వెల్డా కళ్ళజోడు పెట్టుకుని చదివింది: ముందు ఫోన్ చెయ్యాలి.

"పండగకి ముందు మంగళవారం చేస్తాను. మంచు దారి మూసేస్తే రాలేనేమో, ఫోన్ మాత్రం చేస్తాను," అంది మార్నీ.

వెల్డా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కారు కదిలింది. వెనక సీట్లో బ్రిటా పసుపు గిన్నెని ఒళ్ళో పెట్టుకుని, ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుంది, అందుకే చెయ్యి ఊపలేదు. ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా చూసి, ఇంకాసేపు కూడా చూసి, చలికి ముక్కు మండాక లోపలికొచ్చి, వెల్డా మరో గ్లాసు నీళ్ళు తాగింది.