మధ్యసీమలో లేని ఊరు

పటాల విభాగంలో ఒక అలవాటు ఉంది. మా పటాన్ని ఎవరైనా కాజేసి అచ్చేస్తే దొరికిపోవాలని, ప్రతి సీమలోనూ ఒక లేని ఊరిని కల్పించి పెడతారు. మధ్యసీమ పటం ముప్ఫై ఏళ్లు మా ఆయనే గీశారు. రెండు వందల ఏళ్ల కిందట నది పడమటికి మళ్లాక ఆ పీఠభూమి మీద డెబ్బై ఊళ్లు ఖాళీ అయ్యాయి. మిగిలింది ఉప్పునేల, రాళ్లు. అబద్ధం దాచడానికి అంతకంటే మంచి చోటు లేదు.

నేను పక్క గదిలో పాఠాల ప్రూఫులు దిద్దేదాన్ని. పటాల జోలికి పోలేదు. ఆయన రిటైరయ్యాక నన్ను అక్కడికి మార్చారు. మొన్న మా ఆఫీసరు నా బల్ల మీద ఒక ఉత్తరం పెట్టాడు. పటంలో బడి గుర్తు చూసి, పైవాళ్లు ఆ లేని ఊరికి ఒక టీచరమ్మను వేశారట. ఆవిడ రెండు రోజులు నడిచి వెళ్లి, ఊరు కనపడక తిరిగొచ్చి, ఉత్తరంలో మమ్మల్ని కడిగి పారేసింది.

"అంతా బావగారి చేతి చలవే అక్కా. లేని ఊరికి బడి కూడా కట్టించారు," అని ఆఫీసరు నవ్వాడు. "ఇవాళే తీసేయండి."

ఊరి పేరు చదివాను. పదకొండు రోజులు బతికిన మా పాప పేరు.

పాత ముద్రణలన్నీ బీరువాలోంచి దించాను. పాప పోయిన ఏడాది ఒక్క చుక్క. ఆరేళ్ల తర్వాత దాని పక్కన బడి గుర్తు. పద్దెనిమిదో ఏట బస్సు దారి. పాతికేళ్లకు, ఆ చుక్కకు ఆనుకుని ఇంకో చిన్న చుక్క. దానికి పేరు పెట్టలేదు.

పాప ఊసెత్తితే లేచి వెళ్లిపోయే మనిషి. రాయితో కాపురం చేస్తున్నానని మా అక్క దగ్గర ఎన్నిసార్లు ఏడ్చానో.

ఇంటికొచ్చేసరికి ఆయన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఎదురుగా కూర్చుని ఉత్తరం సంగతి చెప్పాను. తల ఎత్తలేదు.

"పాపం, అంత దూరం నడిచిందా?" అన్నారు. ఇంకో కాయ అందుకుని, "అక్కడ ఎలా ఉందట?"

"చెట్లున్నాయట," అన్నాను.

"తీసేశావా?"

"నావల్ల కాలేదు. ఆ రోజు పాపను శ్మశానానికి మీరొక్కరే తీసుకెళ్లారు. రేపు ఆఫీసుకి ఇద్దరం వెళ్దాం."

తల ఊపారు. ఈనె తీసేసిన కాయనే మళ్లీ మళ్లీ తుంచుతూ ఉండిపోయారు.