కూర్చుని నిద్రపోయే అత్త

మధ్యాహ్నం పూట అత్త నిద్రపోయే తీరు కొత్తవాళ్లు చూస్తే జడుసుకుంటారు. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, నిటారుగా కూర్చునే నిద్రపోతుంది. కళ్లు సగమే మూతపడతాయి. లోపలెక్కడో తడిగుడ్డ పిండినట్టు ఊపిరి చప్పుడు చేస్తుంది. గది ఊడ్చే కోడలు ఆ చప్పుడు ఆగినప్పుడల్లా చీపురు ఆపేది. మళ్లీ మొదలైతేనే ఊడ్చేది.

వెల్లకిలా పడుకుంటే అత్తకు ఊపిరాడదని కోడలికి ఒక్కదానికే తెలుసు. గర్భసంచి కిందికి జారిన సంగతీ మొన్నమొన్నటిదాకా అంతే. ఆడవాళ్ల జబ్బు మగవాళ్ల ముందు ఎత్తడం ఆ ఇంట్లో లేదు. అడుగు తీసి అడుగు వేయలేకపోయాకే కొడుకు చెవిన వేశారు. ఇలాంటి ఇళ్లు మన మధ్య ఎన్ని లేవు?

ఆసుపత్రిలో రోబోతో ఆపరేషన్ అన్నారు. చిన్న గాట్లేనట, తొందరగా లేచి తిరగొచ్చట.

ఆపరేషన్ రోజు ఆ గది తలుపు సందులోంచి రోబో యంత్రం కనిపించింది. నాలుగు చేతులూ ముడుచుకుని, ఒంటినిండా పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఉంది. ఏసీ గాలికి తొడుగు ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది.

"అదీ నాలాగే కూర్చుని నిద్రపోతోందే అమ్మాయ్," అంది అత్త. "మీ మామకు రెండు చేతులే. వాటికే అదిరిపోయేదాన్ని."

కోడలికి నవ్వు రాలేదు. ఆ ఉబ్బడం, తగ్గడం అచ్చం అత్త ఊపిరిలాగే ఉంది.

మత్తు డాక్టరమ్మ వచ్చింది. "వెల్లకిలా పడుకోగలరా? బల్లను తలవైపు బాగా కిందికి వంచుతాం. యంత్రం చేతులు కడుపులో ఉండగా బల్ల కదపడానికి లేదు."

"హాయిగా పడుకుంటుందండీ," అన్నాడు కొడుకు.

అత్త తలూపి, కోడలి మణికట్టు గట్టిగా నొక్కింది. "చెప్పకు. ఇంటికి పంపేస్తారు. ఈ జబ్బు ఇంక మోయలేనే," అంది లోగొంతుకతో.

లోపల ఎవరో బల్ల సరిచూస్తున్నారు. ఖాళీ బల్ల తలవైపు మెల్లగా కిందికి వాలింది. దాని మీద అత్త ఉన్నట్టే అనిపించింది కోడలికి. ఆ తడిగుడ్డ చప్పుడు ఆగిపోయినట్టూ అనిపించింది.

"పడుకోలేరండీ. ఏడాదిగా కూర్చునే నిద్రపోతున్నారు," అంది.

"నువ్వూరుకో. నీకేం తెలుసు?" అన్నాడు కొడుకు.

"నాకే తెలుసు."

ఆపరేషన్ ఆగింది. పరీక్షిస్తే గుండె నీరసించి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని తేలింది. చాలా రోజులు అత్త కోడలితో మాట్లాడలేదు. మందులు పనిచేసి వెల్లకిలా పడుకోగలిగాక, బల్ల ఎక్కువ వంచకుండా, అదే యంత్రంతో ఆపరేషన్ చేశారు. అత్త నడిచి ఇంటికొచ్చింది.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ కొడుకుతో అంది: "పెద్దవయసు ఒక్కటే ఆపరేషన్‌కు అడ్డం కాదు. దాచిపెట్టిన జబ్బు ప్రమాదం. ఆ యంత్రానికి నాలుగు చేతులున్నాయి గానీ చెవి ఒక్కటీ లేదు. మీ అమ్మగారి ఒంటి సంగతి ఆవిణ్ణే చెప్పనివ్వండి."

ఇప్పుడు అత్త వెల్లకిలా నిద్రపోతుంది, చప్పుడే ఉండదు. కోడలు ఇంకా చీపురు ఆపి చూస్తూనే ఉంది.

"పోయాననుకున్నావా?" అంది అత్త, కళ్లు తెరవకుండానే. "ఈసారి ఏదైనా ఉంటే ముందు నేనే చెప్తాలే. ఊడ్చుకో."