ఎందుకు బాగైందో తెలియని కారు

గంగులయ్య కొత్త కారు బానెట్ ఎత్తి, లోపలికి చూసి, మళ్ళీ దించాడు. చూడటానికి ఏముందక్కడ? అంతా నల్లటి ప్లాస్టిక్ మూత. బిట్రగుంటలో ముప్పై ఏళ్ళు ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరుతో అంబాసిడర్లను నడిపించిన మనిషికి, ఇవాళ ఇంజను మొహమే కనబడలేదు.

కారు నరేంద్రబాబుది. పాత అంబాసిడర్ అమ్మేసి దీన్ని కొని రెండు నెలలు కాలేదు. వెనక సీట్లో అతని తల్లి ఆదిశేషమ్మ కూర్చుని ఉంది. పది గంటలకు నెల్లూరు ఆసుపత్రిలో ఆమెకు కంటి ఆపరేషన్. సరిగ్గా గంగులయ్య మెకానిక్ షెడ్డు ముందుకొచ్చేసరికి స్టీరింగు వెనక ఎర్రదీపం వెలిగి కారు ఆగిపోయింది. కంపెనీకి ఫోను చేస్తే, కంప్యూటర్ తగిలించి చూడాలి, మనిషి మధ్యాహ్నానికి వస్తాడన్నారు.

"అంబాసిడర్ అయితే దగ్గేది, పొగ వదిలేది. రోగం ఫలానా అని అదే చెప్పేది. ఇది నోరే తెరవదే!" అని గొణుక్కున్నాడు గంగులయ్య. ఏమీ తోచక బ్యాటరీ తీగ ఊడదీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించాడు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలి కదా!

నరేంద్రబాబు బటన్ నొక్కాడు. కారు స్టార్టయింది. ఎర్రదీపం పోయింది.

"నువ్వుండగా మాకేంది గంగులయ్యన్నా!" అంటూ దిగొచ్చి, అలవాటుగా అరచెయ్యి చాపాడు. ఏ బండి బాగుచేసినా చెడిపోయిన ముక్కను యజమాని చేతిలో పెట్టి చూపించడం గంగులయ్య పద్ధతి. అరిగిన పాయింట్లు, తెగిన ఫ్యాన్ బెల్టులు ఎన్ని చూసిందో ఆ చెయ్యి! ఇవాళ పెట్టడానికి ఏమీ లేదు. గంగులయ్యకు అంతా అయోమయంగా ఉంది. తీగ వదులైందా అంటే గట్టిగానే ఉంది. తుడిస్తే పోయే జబ్బా ఇది? లేక దానంతటదే ఆగి, దానంతటదే లేచిందా? నెల్లూరు రోడ్డు మీద లారీల మధ్య మళ్ళీ ఆగదని ఎవరు చెప్పాలి?

బాగైందని తలూపితే సరిపోయేది. ఆ తలే ఊగలేదు.

"బాబూ, ఎందుకు ఆగిందో తెలీదు. ఎందుకు లేచిందో అంతకంటే తెలీదు. అమ్మని దీంట్లో తీసుకుపోవాకు."

నరేంద్రబాబు నవ్వాడు. "ఊరుకోన్నా, బ్రహ్మాండంగా ఉండాది చూడు."

ఆదిశేషమ్మ అప్పటికే తలుపు తీసుకుని దిగింది. "బాగైందని గంగులయ్య చెప్పినప్పుడల్లా నమ్మినాం గదరా. తెలీదంటే నమ్మకూడదా? ఆటో పిలువు."

ఆటో ముందు కదిలింది. వెనకాలే చిరచిరలాడుతూ నరేంద్రబాబు, ఖాళీ కారులో. గంగులయ్య రోడ్డు మీదకొచ్చి నిలబడ్డాడు. తాను చేసింది మంచో, ముసలామెను ఆటో కుదుపులకు అప్పగించడమో అతనికి తేలడం లేదు. కారు మాత్రం ఎక్కడా తడబడకుండా సాఫీగా పోతోంది. అది ఒక్కసారి ఆగితే బాగుండునని అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. అయినా మలుపు తిరిగేదాకా దాని మీంచి చూపు తిప్పుకోలేదు.