చలిచేపల బావులు

ఖుర్షిదా రోజూ పొద్దున్నే పాతబావిలో చేద వేసి రెండు బిందెల నీళ్లూ, కాస్తంత మంచూ తోడుకొచ్చేది. నీళ్లు ఇంటికి, మంచు అత్త జైతున్‌బీ మోకాళ్లకి. ఎంత ఎండలైనా ఆ బావి అడుగున మంచు కరగదు. అందులో వెండిరంగు చలిచేపలు తిరుగుతుంటాయి. వినుకొండ అవతల ఆ ఊరి చుట్టూ అలాంటి బావులు ఐదున్నాయి. మిగతా బావుల్లో చలిచేపను వదిలితే మధ్యాహ్నానికల్లా వెల్లకిలా తేలుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. చింతచెట్టుకు చింతకాయలే ఎందుకు కాస్తాయని ఎవరడిగారు గనక?

రెండువేల రెండులో వానలు మొహం చాటేశాయి. ఖుర్షిదా వాళ్ల రెండెకరాల మిరపతోటలో పూత రాలిపోతోంది. అప్పటికే రెండు బోర్లు వేయించారు. రెండుసార్లూ నీళ్ల జాడ చెప్పే యేసుపాదం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచాడు. కాయ నిటారుగా లేచిన చోట మూడొందల అడుగులు దింపితే దుమ్మే వచ్చింది. ఇక మూడోదే ఆఖరు. అదీ పోతే శుక్రవారం మేస్త్రి వ్యానెక్కి హైదరాబాదులో ఇటుకలు మొయ్యడానికి పోవాల్సిందే. మొగుడు ఇమాం హుస్సేన్ మాటిచ్చేశాడు కూడా. ఆ చేలో ప్రతి మొక్కా తన చేత్తో నాటిన ఖుర్షిదాకి ముద్ద మింగుడు పడటంలేదు.

గురువారం అత్త మోకాళ్లకి మంచు అద్దుతూ అడిగింది. "అత్తా, ఈ చేపలు ఆ ఐదు బావుల్లోకే ఎట్లా వచ్చినయ్? బావికీ బావికీ తోవ లేదుగా."

"అవి రాలేదే పిచ్చిదానా, మంచు తెచ్చింది," అంది జైతున్‌బీ. "ఒకప్పుడు ఇక్కడంతా మంచేనంట. రాళ్లు దొర్లించుకుంటా ఏరులాగా నడిచింది. అది నడిచిన తోవలోనే చేపలు మిగిలినయ్. పక్క పొలానికి పోడానికి వాటికి కాళ్లా పాడా?"

ఖుర్షిదా ఐదు ఎండుమిరపకాయలు తెచ్చి, బావులు ఎక్కడెక్కడున్నాయో అలాగే నేలమీద పేర్చింది. వరస కొడవలిలా వంపు తిరిగింది. మూడో కాయకీ నాలుగో కాయకీ నడుమ పడింది తమ చేని కింది మూల. ఎన్నడూ విత్తనం వెయ్యని గుండ్రాళ్ల దిబ్బ అది.

తెల్లారి బోరు లారీ వచ్చింది.

"కాయ ఇక్కడ లేచిందమ్మా," అన్నాడు యేసుపాదం, చేని నడిమధ్య నిలబడి.

"లేస్తే లేచిందిలే బాబాయ్, పచ్చడి చేసుకుందాం. లారీని రాళ్లదిబ్బ మీదకి పోనియ్యండి."

"రాళ్లల్లో నీళ్లేందే? నలుగురూ నవ్వుతారు," అన్నాడు ఇమాం హుస్సేన్.

"రెండుసార్లు కాయ మాట విన్నావు. ఒక్కసారి నా మాట విను."

అతను ఆమె మొహం చూసి, డ్రైవరుకి చెయ్యి ఊపాడు.

నూట ఎనభై అడుగుల దాకా దుమ్మే. ఇమాం హుస్సేన్ తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు. అంతలో దుమ్ము ఆగింది. గొట్టంలోంచి తెల్లగా మంచుపొడి లేచింది, దాని వెనకే నీళ్లు. బొటనవేలంత చలిచేప ఒకటి ఎగిరొచ్చి మిరపసాలులో పడింది. డ్రైవరు దాన్ని చూడనైనా చూడలేదు. "రెండంగుళాల నీళ్లు," అని కాగితం మీద రాసుకున్నాడు.

రోడ్డుమీద మేస్త్రి వ్యాను హారన్ కొట్టింది. రెండు బోర్లు ఎండినా కంటతడి పెట్టని ఇమాం హుస్సేన్ బురదలో కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఖుర్షిదా చలికి వణుకుతూనే గట్టెక్కి కేకేసింది.

"మేం రావట్లేదయ్యా! తోటకి నీళ్లు కట్టాలి."