మళ్ళీ చూపించని దెబ్బ

టీవీవాళ్ళ మీద స్వరూపకు మొదటినుంచీ కోపమే. కొడుకు ప్రణయ్ దేశంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ లీగులో ఓ జట్టుకు రెండో గోల్‌కీపర్. రెండో గోల్‌కీపర్ అంటే బెంచీ మీద కూర్చునేవాడు. పోయిన ఏడాది ఆమె ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా చూసింది. వాడి మొహం కనిపిస్తే రెప్పపాటు కనిపించేది, లేకపోతే అదీ లేదు. వాడి కోచ్ చూయింగ్ గమ్ నమలడం మాత్రం తీరిగ్గా, దగ్గర్నుంచి చూపించేవాళ్ళు. "గా ముసలోడు నములుతుంటె ఏం చూస్తరయ్యా, నా కొడుకును చూపెట్టుండ్రి!" అని తెరను తిట్టిపోసేది.

ఈ ఆదివారంతో ఆ కోపం తీరింది. మొదటి కీపర్‌కు జ్వరం తగిలి ప్రణయ్‌ను ఆటలోకి దింపారు. మొదలయ్యే ముందు వాడు తెర నిండా వచ్చి, చేతులు కట్టుకుని ఇటు తిరిగి నిలబడ్డాడు. కింద పెద్ద అక్షరాల్లో పేరు. చెన్నూరు రోడ్డు మీద వాళ్ళుండే బొగ్గుబాయి కాలనీలో గని కార్మికుల క్వార్టర్ల వరసంతా ఈలలు వేసింది. భర్త అంబదాస్‌కే ఆ భాగ్యం లేకపోయింది. రెండో షిఫ్టు పడి, గొణుక్కుంటూ బాయిలోకి దిగాడు. ఇంట్లో స్వరూప, ఆమె అత్త నాగవ్వ, డిగ్రీ చదివే కూతురు నవీన టీవీకి అతుక్కుపోయారు.

ఆట జోరందుకుంటుండగా ఎదుటి జట్టుకు కార్నర్ దొరికింది. మూలనుంచి బంతి గాల్లో లేచింది. ప్రణయ్ అందరికంటే పైకి ఎగిరి రెండు చేతులతో అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎదుటివాడొకడు ఎగిరాడు. వాడి మోకాలు ప్రణయ్ కణతకు తగిలింది. బంతి ఓ పక్కకు దొర్లిపోయింది. ప్రణయ్ పడ్డచోటే పడి ఉన్నాడు, వేలు కూడా కదల్లేదు.

"లే బిడ్డా... లే" అంది స్వరూప.

కెమెరా వాడి దగ్గరికి పోయినట్టే పోయి, జడుసుకున్నట్టు వెనక్కి వచ్చేసింది. తెర మీద స్టేడియం మొత్తం కనిపించింది, ఎక్కడో పైనుంచి తీసిన బొమ్మ. తర్వాత జెండాలు. తర్వాత నోటికి చేతులు అడ్డం పెట్టుకున్న ఓ పిల్ల. తర్వాత కోచ్, ఇప్పుడు నమలడం లేదు. ఇంగ్లీషులో గలగలా వాగుతున్న వ్యాఖ్యాతలిద్దరూ గొంతు తగ్గించేశారు. స్వరూపకు ఇంగ్లీషు రాదు గానీ తగ్గిన గొంతు ఏ భాషలోనైనా తెలుస్తుంది కదా.

"ఏమంటున్నరే ఆళ్ళు?" అంది కూతురితో.

"డాక్టర్లు ఉరికిన్రట అవ్వా. ఇంకేం చెప్తలేరు" అంది నవీన తల్లితో.

"మరి నీ అన్నను చూపెడ్తలేరేందే?"

తెర మీద మళ్ళీ మైదానం వచ్చింది. ప్రణయ్ జట్టువాళ్ళు వీపులు ఇటు తిప్పి గుండ్రంగా నిలబడ్డారు. లోపల ఏం జరుగుతోందో కనబడకుండా భుజానికి భుజం ఆనించారు. ఆ వీపులను చూసి, అంతదాకా మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్న నాగవ్వ కిందికి దిగింది.

నాగవ్వ మొగుడు బొగ్గుబాయిలో బండ పడి పోయాడు. అంబదాస్ అప్పటికి పసివాడు. కింద ప్రమాదం జరిగితే ఆఫీసులో తెలుస్తుంది, గేటు బయట నిలబడ్డ ఆడవాళ్ళకు మాత్రం ఎవరూ పేరు చెప్పరు. అందుకని ఆ ఆడవాళ్ళు పేర్లడగడం మానేసి, వీపులు చూడడం నేర్చుకున్నారు. ముఖ్యంగా స్ట్రెచర్ చూడడం నేర్చుకున్నారు. మోసేవాళ్ళు పరుగెత్తుకొస్తే ప్రాణం ఉన్నట్టు. నడిచొస్తే లేనట్టు. ఈ సంగతి కాలనీలోకి కోడలిగా వచ్చిన ప్రతి పిల్లకూ అత్తలు చెప్పి పెడతారు. స్వరూపకు నాగవ్వే చెప్పింది.

వీపుల మధ్యనుంచి స్ట్రెచర్ బయటికి వచ్చింది. చుట్టూ తెల్లగుడ్డ పట్టుకున్నారు. మోసేవాళ్ళు నడుస్తున్నారు. ఒక్కో అడుగే వేస్తూ, ఏ తొందరా లేనట్టు నడుస్తున్నారు.

"నడుస్తుండ్రు" అంది నాగవ్వ.

అంతలో తెర మీద బిస్కెట్ల ప్రకటన పడింది. ఇంటిల్లిపాదీ పాలల్లో బిస్కెట్లు ముంచుకుని నవ్వుతున్నారు. స్వరూపకు ఆ టీవీ పగలగొట్టాలనిపించింది. నవీన తన అన్న ఫోనుకు చేసింది, ఆపేసి ఉంది. జట్టు మేనేజరుకు చేసింది, ఎత్తలేదు. చొప్పదండి నుంచి మేనమామ ఫోన్ చేశాడు. ఎత్తితే ఏం చెప్పాలో తెలియక అలాగే మోగనిచ్చారు. పక్క క్వార్టర్లవాళ్ళు వాకిట్లోకి వచ్చి లోపలికి రాకుండా ఆగిపోయారు. వాళ్ళలో ఒకాయన మెల్లగా అడిగాడు.

"అంబదాసన్నకు కబురు పంపుదమా?"

"బాయిల ఉన్న మనిషికి చెప్పకుండ్రి. షిఫ్టు దిగనియ్యిన్రి" అంది నాగవ్వ.

స్వరూప అత్త వైపు తిరిగింది. ఆ కాలనీలో ఆ మాట చావు కబురుకే అంటారు. ఆమె అత్త కాళ్ళ దగ్గర చతికిలబడింది.

"గట్లనకు అత్తా! నీ కాళ్ళు మొక్కుత, గట్లనకు" అని ఏడ్చింది.

కేబుల్ టీవీ హనుమండ్లు ఆ ఏడుపు విని వాకిట్లోవాళ్ళను తోసుకుంటూ వచ్చాడు. ఎవరిదో కనెక్షన్ స్తంభం మీదే వదిలేసినట్టున్నాడు, చేతిలో కటింగ్ ప్లేయర్ అలాగే ఉంది. కాలనీలో కేబుల్ పెట్టకముందు అతను హైదరాబాదులో టీవీలో ఆటలు చూపించేవాళ్ళ దగ్గర కెమెరా వైర్లు లాగే పని చేశాడు.

"వదినా, పరేషాన్ గాకు. స్టేడియం బయట పెద్ద వ్యాన్ ఉంటది. అండ్ల గోడ నిండ టీవీలే. ఒక్కో కెమెరాకు ఒక్కో టీవీ. ఏది మనకు చూపెట్టాల్నో ఆడ కూసున్నాయన చెప్తడు."

"అంటే నా కొడుకును చూస్తున్నోళ్ళు ఉన్నరా?"

"ఉంటరు. ఒక కెమెరా పిలగాని మీదనే ఉంటది."

"చూసుకుంట మాకు చూపెడ్తలేరు!" అంది స్వరూప. ఎక్కడైనా ఒకటే, గేటు లోపలివాళ్ళకు తెలుసు, బయటివాళ్ళకు తెలియదు. ఆమెకు భయంతో పాటు కసి కూడా పుట్టింది.

హనుమండ్లు తెర వైపు చూస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "దెబ్బ మళ్ళ చూపెట్టిన్రా? రీప్లే?"

"లేదు" అంది నవీన.

అతని మొహం మారింది. వెంటనే సర్దుకున్నాడు గానీ, స్వరూప పట్టేసింది. లేచి వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"ఏందో చెప్పు. దాయకు."

"ఏం లేదు వదినా... పానం మీదికొచ్చిన దెబ్బయితె మళ్ళ చూపెట్టరు. ఇంటోళ్ళు చూస్తుంటరని. మనిషి మంచిగున్నడని వ్యాన్‌లకు కబురొస్తనే చూపెడ్తరు. అది ఆళ్ళ పద్ధతి."

స్వరూప చొక్కా వదిలేసింది. టీవీ ముందు, దాదాపు తెరకు తల తగిలేంత దగ్గరగా కూర్చుంది.

వేరే కీపర్‌ను దింపి ఆట మొదలుపెట్టారు. ఏదైనా మళ్ళీ చూపించే ముందు లీగు గుర్తు తెర మీద గిర్రున తిరిగి పోతుంది. ఇన్నాళ్ళూ ఆమె దాన్ని పట్టించుకోనే లేదు. ఇప్పుడు దానికోసమే కాచుకుని కూర్చుంది. గుర్తు తిరిగింది, ఎవడో కాలు అడ్డం పెట్టి ఇంకొకణ్ణి పడేయడం చూపించారు. గుర్తు తిరిగింది, బంతి ప్రకటన బోర్డుకు తగలడం చూపించారు. గోలు పడితే దాన్ని నాలుగు వైపులనుంచీ చూపించారు. పనికిమాలినవన్నీ మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు, కొడుకు పడడం ఒక్కటే చూపించడం లేదు. "చూపెట్టుండ్రి, జర చూపెట్టుండ్రి" అని ఆమె చేతులు జోడించింది. ఏ తల్లీ కోరకూడనిది కోరుతున్నానని ఆమెకు తెలుసు, అయినా కోరింది.

సగం ఆట అయిపోయింది. బిస్కెట్లు, రంగులు, సిమెంటు వచ్చి పోయాయి. బల్ల చుట్టూ కోట్లు తొడుక్కున్న ముగ్గురు కూర్చుని గోలు గురించి మాట్లాడారు. వాళ్ళలో ఒకతను చెవిలోని మిషన్‌ను వేలితో నొక్కుకుని, తల ఊపి, ఏదో అన్నాడు. లీగు గుర్తు గిర్రున తిరిగింది.

మూలనుంచి బంతి లేచింది. ప్రణయ్ ఎగిరాడు, నెమ్మదిగా, నీళ్ళలో తేలినంత నెమ్మదిగా. మోకాలు వచ్చింది. వాడి తల పక్కకు విరుచుకుపోయినట్టు వాలింది. నాగవ్వ కొంగు మొహం మీదికి లాక్కుంది. స్వరూప మాత్రం రెప్ప వేయలేదు.

"ఆస్పత్రిల మాట్లాడుతున్నడట అవ్వా! మెడ కదలొద్దని గట్ల మెల్లగ మోసిన్రట!" అని నవీన అరిచింది. స్వరూప వినిపించుకోలేదు.

ఇప్పుడు గోలు వెనకనుంచి చూపిస్తున్నారు. మోకాలు, కణత, పడిపోతున్న కొడుకు, అన్నీ ఇంకా దగ్గరగా, ఇంకా స్పష్టంగా ఉన్నాయి. స్వరూప రెండు చేతులతో టీవీని పట్టుకుని, పగలబడి నవ్వుతూ, ఏడుస్తూ అరిచింది.

"కొట్టిండు! చూడు అత్తా, ఎంత గట్టిగ కొట్టిండో చూడు! హనుమండ్లూ, ఇంకోపారి చూపెట్టమనయ్యా!"