మూడో చక్రం

జొరైదా చేటలో బియ్యం ఏరుతోంది. మొగుడు ఎలియేసర్ కాఫీ తాగి ఖాళీ కప్పు ఆ చేటలోనే పెట్టాడు.

"వెల్డింగు షాపుకెళ్ళి సైకిలు తొక్కుకొచ్చెయ్యవే. రిగోబెర్తో మూడో చక్రం బిగించాడట. ఇక అమ్మని వెనక కుర్చీలో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తిప్పొచ్చు."

"నన్నో మాట అడగాల్సింది."

"అడిగేదేముంది? రిటైరైనదానివి. రోజూ సముద్రం దాకా ఊరికే తిరిగొస్తున్నావు. ఆ తిరుగుడికే ఓ పని పెట్టాను."

లోపల మంచం మీంచి అత్త అందుకుంది. "ఈ వయసులో గాలికి తిరిగే ఆడదాన్ని కార్దెనాస్ ఊరు మొత్తంలో నిన్నే చూశాను."

తొమ్మిదేళ్ళప్పుడు నాన్న రష్యా సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుంది జొరైదా. పెళ్ళవగానే ఆ సైకిలు తమ్ముడిదైంది. పెట్రోలు దొరక్క బస్సులు ఆగిపోయిన ఏడాది, తాళ్ళ ఫ్యాక్టరీ వాళ్ళు మంచి పనివాళ్ళకి చైనా సైకిళ్ళిచ్చారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అక్కడే పనిచేసేవాళ్ళు. సైకిలు మాత్రం మొగుడి పేర రాశారు. మొగుడికి తొక్కడం రాదు. నేర్చుకోమంటే, పడితే పరువేం కాను అన్నాడు. అతన్ని వెనక క్యారియర్ మీద, కొడుకుని ముందు బారు మీద పెట్టుకుని ఆమే తొక్కింది. ఫ్యాక్టరీ ముందు మలుపులో అతను దిగి, హ్యాండిల్ తన చేతిలోకి తీసుకుని గేటు దాకా దర్జాగా నడిపించుకెళ్ళేవాడు. ఆమె చెమట తుడుచుకుంటూ వెనక నడిచేది. ఎవరికీ చెప్పకే అన్నాడు. ముప్పై ఏళ్ళు చెప్పలేదు, కన్నతల్లికి కూడా. "మొగుడు రోజూ మోసుకొస్తాడు, అదృష్టవంతురాలివి" అని తోటి ఆడవాళ్ళంటే నవ్వి ఊరుకుంది. నీళ్ళ డబ్బాలు, రొట్టెలు, పందికి కుడితి, ఆ క్యారియర్ ఒక్కనాడు ఖాళీగా లేదు. రిటైరైన మర్నాడే ఖాళీ అయింది. మోకాళ్ళు మొరాయించినా, ఎదురుగాలికి దిగి నడిపిస్తూనైనా, మూడు నెలలుగా సముద్రం దాకా వెళ్ళొస్తోంది. ఆ గంటలో ఆమెనెవరూ పిలవరు. ఇప్పుడా గంటకీ కుర్చీ బిగించాడు.

షాపులో రిగోబెర్తో కుర్చీ తట్టి చూపించాడు. "ఎక్కి చూడు వదినా. ఇక పడదామన్నా పడవు."

ఎక్కి వాకిట్లో ఒక చుట్టు తిప్పింది. మలుపులో ఒళ్ళు అలవాటుగా వంగింది. బండి వంగలేదు. మెడ మీద కాడి పడ్డట్టయింది. దిగిపోయింది.

"ఈ చక్రం తీసెయ్యగలవా?"

"ఎలియేసర్ చెప్పాలి కదా. బండి ఆయన పేర ఉంది."

"అయితే ఆయన్నే వచ్చి తొక్కుకుపొమ్మను."

రిగోబెర్తో గడ్డం గోక్కున్నాడు. "ఆయనకి తొక్కడం రాదుగా."

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా వదినా? ఆయన దిగే ఆ మలుపులోనేగా మా నాన్న కొలిమి. ఫ్యాక్టరీ అంతా చూసి నవ్వుకునేది. నీ మొహం చూసి ఎవరూ పైకి అనలేదు."

లోకమంతటికీ తెలిసిన సంగతిని జొరైదా ముప్పై ఏళ్ళు పళ్ళబిగువున దాచింది. క్యారియర్ మీద ఎక్కించినవన్నీ ఏదో ఒకచోట దింపింది. దీన్నొక్కదాన్నే దింపలేదు.

"మరి ఆయనొస్తే ఏం చెప్పమంటావు?" అన్నాడు రిగోబెర్తో.

"మూడు చక్రాలున్నాయిగా, పడడు. నేర్చుకొమ్మను" అని, బండిని అక్కడే ఉంచి, ఇంటి దారి వదిలి సముద్రం వైపు నడిచింది.